సిగ్నల్ లేని చోటే సెగ ఎక్కువ

శివరాత్రి తీర్థానికి పట్టిసీమ వెళ్లాం. రేవులో పడవెక్కి, దేవకూట పర్వతం మీది వీరభద్రస్వామిని చూసుకుని, తిరిగొచ్చి ఇసుకలో వేసిన అంగళ్ల మధ్య నడుస్తున్నాం. గాజులు, బొమ్మలు, జీళ్లు, ఖర్జూరాల పక్కన ఒకతను బల్ల మీద బంగారు రంగు బిళ్లలు పరుచుకుని కూర్చున్నాడు. ఫోను వెనక అంటిస్తే రేడియేషన్ మొత్తం ఆ బిళ్లే పీల్చేసుకుంటుందట. ఒక్కోటి వంద రూపాయలు. మాతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు, ఒకరు కోయ, ఒకరు కొండరెడ్డి, బేరమాడి చెరొకటి కొన్నారు. ఇద్దరూ డిగ్రీ చదువుతున్నారు. ఇద్దరి ఊళ్లలోనూ సిగ్నల్ లేదు.

అదే నెలలో పైన ఏజెన్సీలో ఒక గూడెం పెద్దలు తమ ఊరికి రాబోయే టవర్ వద్దన్నారు. టవర్ నుంచి వచ్చే తరంగాలు ఒంట్లో కణాలను కోసేస్తాయని, కడుపులో బిడ్డలు నిలవరని ఎవరో పంపిన వీడియోలో చూశారు. ఆ గూడెం పేరు ఇక్కడ రాయం. ఆ పెద్దల్ని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. వాళ్లకు ఆ వీడియో పంపినవాళ్ల మీద, వాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పకుండా వేలిముద్ర మాత్రం అడిగినవాళ్ల మీద, వచ్చిన వీడియోను పూర్తిగా చూడకుండానే ఇంకో పది గ్రూపుల్లోకి తోసేసిన మన చదువుకున్న పిల్లల మీద ఉన్న కోపంతో ఇది రాస్తున్నాం. ఆ చివరి వాళ్లలో మేమూ ఉన్నాం.

పెద్దలు అనుమానించడంలో తప్పేముంది? "మీకేమీ కాదు" అన్న మాట మనం ఎన్నిసార్లు వినలేదు! పట్టిసీమకు కాస్త ఎగువన పోలవరం దగ్గర గోదావరికి అడ్డుకట్ట వేస్తున్నప్పుడూ అదే మాట విన్నాం. దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు, చింతూరు, వీఆర్ పురం, కూనవరం తదితర మండలాల్లో ముంపు లెక్క వేస్తే లక్షకు పైగా కుటుంబాలు తేలాయి. వాళ్లలో మనవాళ్ల వాటా ఎంతో మనకు తెలుసు. అన్నీ పోగొట్టుకున్నవాళ్లు కొత్తగా ఊళ్లోకి ఇనుప స్తంభం వస్తుంటే "ఇదేంటి?" అని అడగకపోతేనే ఆశ్చర్యం. అనుమానం మన ఆస్తి. కానీ ఆ ఆస్తిని ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వీడియో పంపి కాజేస్తుంటే ఊరుకోకూడదు. అందుకే ఆ వీడియో చెప్పినదాన్ని కొట్టిపారేయకుండా, ఒక్కొక్క మాటా తీసుకుని చూద్దాం.

రేడియేషన్ అనగానే మనకు హిరోషిమా గుర్తొస్తుంది, చెర్నోబిల్ గుర్తొస్తుంది. కానీ పొయ్యి దగ్గర కూర్చుంటే ఒంటికి తగిలే సెగ కూడా రేడియేషనే. పోడు చేను మీద పడే ఎండ రేడియేషనే. ఆకాశవాణి పాటను మోసుకొచ్చే తరంగం రేడియేషనే. ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రే కూడా. పేరు ఒకటే, పని వేరు. ఈ శక్తి అంతా చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. ఒక్కో పొట్లాన్ని ఫోటాన్ అంటారు. ఎక్స్‌రే పొట్లం పెద్దది. సెల్‌ఫోన్ తరంగం పొట్లం ఎంత చిన్నదంటే, మన కంటికి కనిపించే మామూలు వెలుగు పొట్లంలో అది కొన్ని లక్షల వంతు మాత్రమే.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణం లోపలా డీఎన్ఏ అనే పొడవాటి పోగు ఉంటుంది. ఆ పోగు తెగితే, తెగినది సరిగా అతుక్కోకపోతే, కేన్సర్‌కు దారి తెరుచుకోవచ్చు. దాన్ని తెంచాలంటే ఒక్క పొట్లంలోనే తగినంత బలం ఉండాలి. మామిడికాయ కొట్టాలంటే రాయి కావాలి. గుప్పిళ్లకొద్దీ ఇసుక రోజంతా విసిరినా కాయ రాలదు. విసిరిన ఇసుకంతా తూస్తే రాయికంటే బరువే కావచ్చు. కానీ తొడిమకు తగిలేది ఒక్కో రేణువు విడివిడిగానే కదా. ఎక్స్‌రే రాయి. ఎండలోని అతినీలలోహిత కిరణం చిన్న రాయి. ఫోను తరంగం ఇసుక. "కణాలను కోసేస్తుంది" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. కోసే బలం ఆ తరంగానికి లేదు.

మరి ఇసుక విసిరితే ఏమీ కాదా? అవుతుంది, ఆకులు కదులుతాయి. ఫోను తరంగం కూడా మన ఒంట్లోని నీటి అణువులను కదిలిస్తుంది. కదలికతో కాస్త వేడి పుడుతుంది. ఎంత శక్తి ఒంట్లోకి దిగుతోందో కొలిచే లెక్క పేరు సార్. కిలో బరువున్న కండ ఎన్ని వాట్లు పీల్చుకుంటోంది అన్నది ఆ లెక్క. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఏ ఫోనుకైనా ఇది 1.6 వాట్లు దాటకూడదు. మీ ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనబడుతుంది. టీచర్లు రేపు తరగతిలో చేయించదగ్గ మొదటి ప్రయోగం ఇదే.

వేడి కాకుండా ఇంకేమైనా జరుగుతుందా అన్నది అసలు ప్రశ్న. ఈ ప్రశ్న అడిగినవాళ్లు మూర్ఖులు కారు. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు పాతికేళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్నే ఇది. 2011లో అమెరికా పరిశోధకులు 47 మందికి చెవి దగ్గర ఫోను పెట్టి 50 నిమిషాలు ఆన్‌లో ఉంచారు. యాంటెన్నాకు దగ్గరగా ఉన్న మెదడు భాగం చక్కెర వాడుకోవడం 7 శాతం దాకా పెరిగింది. దానివల్ల మేలా, కీడా అన్నది వాళ్లు చెప్పలేదు. 2018లో అమెరికా ప్రభుత్వ సంస్థే ఎలుకల మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. రోజుకు 9 గంటల చొప్పున రెండేళ్లపాటు, మనుషులకు ఒళ్లంతటికీ అనుమతించే మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఎలుకల ఒళ్లంతా తరంగాలు పట్టించారు. మగ ఎలుకల్లో కొన్నిటికి గుండె నరాల దగ్గర కణితులు వచ్చాయి. అదే ప్రయోగంలో తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి కూడా. మొదటి వాక్యం మాత్రమే వీడియోల్లో తిరుగుతుంది. రెండోది ఎవరూ పంపరు. గాజు గిన్నెలో పెంచిన కణాల మీద, వీర్యకణాల మీద చేసిన ప్రయోగాలూ ఉన్నాయి. కొన్నిట్లో తేడా కనిపించింది, కొన్నిట్లో కనిపించలేదు. ఒకరికి వచ్చిన ఫలితం మళ్లీ చేసినవాళ్లకు చాలాసార్లు రాలేదు.

మనుషుల సంగతి చూద్దాం. 2011 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ ఈ తరంగాలను "2బి" అనే జాబితాలో పెట్టింది. కేన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు, రుజువు బలంగా లేదు అని దాని అర్థం. 2024లో అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా పరిశోధకులు అప్పటిదాకా మనుషుల మీద జరిగిన 63 అధ్యయనాలను కలిపి చూశారు. ఫోను వాడకానికీ మెదడు కేన్సర్‌కూ సంబంధం కనిపించలేదన్నారు. పదేళ్లకు పైగా వాడినవాళ్లలోనూ కనిపించలేదు. పరిశోధన ముగిసిందని మేం అనం. కానీ ఇప్పటిదాకా దొరికిన సాక్ష్యం ఏ వైపు తూగుతోందో మాత్రం స్పష్టం.

ఆ 2బి జాబితా గురించి ఇంకో మాట. మనల్ని భయపెట్టేవాళ్లు ఆ ఒక్క జాబితానే చూపిస్తారు. దానికి పైన ఇంకో రెండు జాబితాలున్నాయి. కేన్సర్ తెస్తుందని గట్టిగా రుజువైనవన్నీ ఒకటో జాబితాలో ఉన్నాయి. పొగాకు పొగ అందులో ఉంది. నమిలే పొగాకు, ఖైనీ అందులో ఉన్నాయి. వక్క అందులో ఉంది. సారా అందులో ఉంది. ఎండ కూడా అందులోనే ఉంది. ఇంట్లో కట్టెల పొయ్యి పొగ దాని తర్వాతి జాబితాలో ఉంది. మన అమ్మమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడం మనం చూశాం. ఆ అలవాటు ఉన్నవాళ్లకు అంగిట్లో పుండ్లు, కేన్సర్ వస్తాయని మన ఆంధ్ర తీరంలోనే డాక్టర్లు ఏళ్ల క్రితం తేల్చారు. టవర్‌ను చూసి వణికే గూడెంలో ఖైనీ పొట్లం పదో తరగతి పిల్లవాడి జేబులో ఉంటుంది. ఏ వీడియో దాని గురించి రాదు. రాదు, ఎందుకంటే ఖైనీ అమ్మేవాడు దుకాణంలో ఎదురుగా కూర్చుని ఉంటాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. టవర్ వద్దన్న ఆ గూడెం కుర్రాళ్లు ఫోను వాడడం మానేశారా? లేదు. సాయంత్రం కాగానే కొండ ఎక్కుతారు. బండ మీద నిలబడి, ఒక్క గీత సిగ్నల్ దొరికితే దాన్ని పట్టుకుని అరగంట మాట్లాడతారు. ఫోను చెవికి అదిమిపెట్టుకుని, వినపడక ఇంకా అదిమి మాట్లాడతారు. ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ కుర్రాడి తలలోకి దిగే తరంగం ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కడో పది కిలోమీటర్ల అవతల ఉన్న టవర్ నుంచా, చెవి దగ్గరున్న ఫోను నుంచా?

గోదావరి రేవులో నిలబడి పక్కనున్న మనిషితో గొంతు తగ్గించి మాట్లాడతాం. అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ని పిలవాలంటే రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేస్తాం. ఫోనుదీ అదే పద్ధతి. టవర్ దగ్గరగా ఉంటే ఫోను గుసగుసలాడుతుంది. దూరంగా ఉంటే గొంతు చించుకుని అరుస్తుంది. టవర్‌ నుంచే ఫోనుకు "ఇంకాస్త గట్టిగా", "ఇక చాలు తగ్గించు" అని క్షణక్షణం ఆజ్ఞ వెళ్తుంటుంది. గుసగుసకీ కేకకీ మధ్య తేడా వందల రెట్లు, వేల రెట్లు కూడా ఉంటుంది. స్వీడన్ దేశంలో పరిశోధకులు ఇది కొలిచి 2004లో ప్రకటించారు. నగరంలో ఫోన్లు మాట్లాడే సమయంలో దాదాపు పాతిక శాతం మాత్రమే పూర్తి బలంతో పనిచేశాయి. టవర్లు దూరం దూరంగా ఉన్న పల్లెల్లో దాదాపు సగం సమయం పూర్తి బలంతోనే పనిచేశాయి. అక్కడ పల్లెలకు కనీసం టవర్లున్నాయి. మన కొండల సంగతి మీరే ఊహించుకోండి.

అంటే ఏమిటి? ఏలూరులోనో రాజమండ్రిలోనో ఇంటిపక్కనే టవర్ ఉన్న మనిషి చెవిలో ఫోను గుసగుసలాడుతోంది. సిగ్నల్ లేని మన గూడెంలో మనవాడి చెవిలో అరుస్తోంది. సెగను తప్పించుకోవాలని టవర్‌ను తరిమిన చోటే ఫోను సెగ ఎక్కువ తగులుతోంది. పట్టిసీమ అంగట్లో కొన్న బంగారు బిళ్ల ఇంకా నయం అనుకుంటున్నారా? అది పనిచేయకపోతే వంద రూపాయలే పోతాయి. నిజంగా తరంగాలకు అడ్డుపడితే మాత్రం, టవర్‌కు మాట అందక ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది. అమెరికాలో వినియోగదారుల పక్షాన నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి బిళ్లల గురించి ఈ హెచ్చరికే చేసింది. మన పిల్లలు డబ్బిచ్చి కొనుక్కున్నది ఇదీ.

దీన్ని ఇంకో భయంగా మోసుకుపోవద్దు. పూర్తి బలంతో అరిచే ఫోను కూడా 1.6 వాట్ల హద్దు లోపలే ఉండాలి. మేం చెప్పేది ఒక్కటే: భయపడి తీరాలనుకుంటే చెవి దగ్గరున్నదానికి భయపడాలి కానీ కొండవతల ఉన్నదానికి కాదు.

కొండ మీది టవర్ లెక్క లెక్కల మాస్టార్లు బోర్డు మీద వేసి చూపించవచ్చు. టవర్ మీది ఒక యాంటెన్నా 40 వాట్లు పంపుతోందనుకుందాం. ఆ శక్తిని అన్ని వైపులా చల్లకుండా ఒక దిక్కుకే పంపుతుంది కాబట్టి ఆ దిక్కున 50 రెట్లు వేసుకుందాం. మొత్తం 2,000 వాట్లు. 200 మీటర్ల దూరంలో ఆ శక్తి పరుచుకునే గోళం వైశాల్యం సుమారు 5 లక్షల చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు 0.004 వాట్లు. ప్రపంచమంతా పాటించే హద్దును మన దేశం 2012 సెప్టెంబరులో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ తరంగానికి ఆ తగ్గించిన హద్దు 0.45 వాట్లు. మన లెక్కలో వచ్చింది దానిలో వందో వంతు కంటే తక్కువ. అలాంటివి నాలుగైదు కలిసినా హద్దుకు చాలా దూరం. పదో తరగతి పిల్లలు వేయగల లెక్క ఇది. ఒక్క లెక్క రాని చోట వంద వీడియోలు రాజ్యం చేస్తాయి.

టవర్ లేకపోతే ఏం పోతుందో మనకు వేరే చెప్పాలా? 2023 జనవరి 1 నుంచి ఉపాధి పని చేసే ప్రతి చోటా రోజుకు రెండుసార్లు ఫోనులో హాజరు ఫొటో తీయాలన్నారు. ఫొటో తీసినా సిగ్నల్ దొరికే చోటికి పరుగెత్తి ఎక్కించాలి. ఎక్కకపోతే మన మట్టి పని మట్టిపాలే. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వెళ్లినప్పుడు మన పిల్లల చదువు ఎవరి చేతిలో ఉంది? చెట్టెక్కితే దొరికే ఒక్క గీత చేతిలో ఉంది. పురిటి నొప్పులు పడే ఆడబిడ్డ కోసం 108కి ఫోను చేయాలంటే ఒక మనిషి కొండ ఎక్కాలి, ఇంకో మనిషి ఆమె దగ్గర కూర్చోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగి 51 మంది చనిపోయిన రోజు మరిచిపోయామా? ఫోను పలకని ఆ కొండల నడుమ, బయటి నుంచి ఎవరూ రాకముందే పడవలు వేసుకుని మునిగేవాళ్ల దగ్గరికి వెళ్లింది కచ్చులూరు గూడెం మనుషులే. బతికి బయటపడ్డ 26 మందిలో చాలామంది వాళ్ల చేతుల మీదుగానే ఒడ్డు చేరారు. ఫోను లేకపోయినా మనిషి మనిషికి అందుతాడని వాళ్లు చూపించారు. అంతమాత్రాన ఫోను అక్కర్లేదని ఎవరైనా అంటే ఆ రోజు నదిలో ఉన్నవాళ్లను అడగాలి.

ఇంతవరకూ చదివి, "అయితే కంపెనీ ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసేయాలా?" అని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాం. వేయకూడదు. టవర్‌కు భయపడడం వేరు, టవర్ గురించి అడగడం వేరు. మొదటిది మనల్ని మూల కూర్చోబెడుతుంది. రెండోది గ్రామసభలో నిలబెడుతుంది.

1996లో వచ్చిన పెసా చట్టం, మన రాష్ట్రంలో దానికి 2011లో వచ్చిన నియమాలు మన చేతిలో ఉన్నాయి. అభివృద్ధి పథకం ఏదైనా అమలుకు ముందు గ్రామసభ ఆమోదం పొందాలని ఆ చట్టం చెబుతోంది. 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో మన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం కూడా బదిలీ కిందికే వస్తుంది. కాబట్టి టవర్ ఎవరి భూమిలో, ఏ కాగితం మీద వస్తోందన్నది మొదటి ప్రశ్న. దాని జనరేటర్ పొగ, మోత ఎవరి ఇంటి వైపు వెళ్తాయన్నది రెండో ప్రశ్న. సెల్‌ తరంగాల మాట దేవుడెరుగు, డీజిల్ పొగ కేన్సర్ కారకాల ఒకటో జాబితాలో ఉంది! దాన్ని వదిలేసి లేని కోత గురించి కొట్టుకుంటే నవ్వుకునేది ఎవరు? తరంగాల కొలత ఎంత వచ్చిందన్నది మూడో ప్రశ్న.

ఈ మూడో ప్రశ్న దగ్గరే ప్రభుత్వాన్ని నిలదీయాలి. ఏ టవర్ ఎక్కడుందో, నియమాల లోపల ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చని 2017లో తరంగ్ సంచార్ అనే వెబ్‌సైటు పెట్టారు. అనుమానం ఉంటే 4,000 రూపాయలు కట్టి కొలిపించుకోవచ్చన్నారు. నాలుగు వేలు! సిగ్నల్ లేని ఊరివాళ్లు ఇంటర్నెట్‌లో చూసుకోవాలట, ఉపాధి కూలి కోసం ఎదురుచూసేవాళ్లు నాలుగు వేలు కట్టాలట. ఈ ఏర్పాటు మనల్ని తలచుకుని చేసింది కాదు. 2017లోనే గ్వాలియర్‌లో ఇళ్లలో పనిచేసుకునే ఒక కేన్సర్ రోగి పిటిషన్ మీద సుప్రీంకోర్టు ఒక టవర్‌ను ఆపించింది. ఆ జబ్బు ఆ టవర్ వల్లే వచ్చిందని విజ్ఞానశాస్త్రం ఒప్పుకోదు. మేమూ ఒప్పుకోం. కానీ ఇరుగుపొరుగు ప్రశ్నకు ముందే జవాబు చెప్పి, కొలత చూపించి ఉంటే ఆ గొడవ ఢిల్లీ దాకా వెళ్లేదా? "ఏమీ కాదు" అన్నది జవాబు కాదు. అంకెతో ఉన్న కాగితం జవాబు.

అందుకే మేం కోరేది ఇది. ఏజెన్సీలో ఏ టవర్ లేచినా దాని కింద తెలుగులోనూ, ఆ ఊరు మాట్లాడే భాషలోనూ ఒక బోర్డు ఉండాలి. హద్దు ఎంత, కొలిస్తే వచ్చింది ఎంత అన్న రెండు అంకెలు దాని మీద ఉండాలి. కొలిచేందుకయ్యే ఖర్చు ఐటీడీఏ భరించాలి. కొలిచేటప్పుడు బడి పిల్లలు, ఆశా కార్యకర్త, ఊరి పెద్ద పక్కనే ఉండి చూడాలి. కోటరామచంద్రపురం, రంపచోడవరం, చింతూరు ఐటీడీఏలకు ఇది పెద్ద బరువు కాదు. 2022లో కేంద్రం సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇస్తామని 26,316 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. అన్ని కోట్లలో రెండు అంకెల బోర్డుకు సున్నమూ రంగూ దొరకవా?

చివరగా కణాల గురించి. వీడియోలవాళ్లకు మన కణాల మీద అంత ప్రేమ పొంగితే, మన రక్తకణం గురించి ఒక్క వీడియో ఎందుకు చేయరు? ఎర్ర రక్తకణంలో హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, గుండ్రంగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగుతుంది. వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. కీళ్లు, ఎముకలు భరించలేని నొప్పి పెడతాయి. అదే సికిల్ సెల్. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే ఆ మార్పు వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ కూడా ఇస్తుంది. మలేరియా అడవుల్లో తరతరాలుగా బతికిన మనలాంటి జాతుల్లో అది నిలిచిపోవడానికి కారణం అదే. ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకు బాధ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధానమంత్రి ఈ జబ్బు మీద జాతీయ కార్యక్రమం ప్రారంభించారు. నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేస్తామని, 2047 నాటికి జబ్బును తుడిచిపెడతామని చెప్పారు. మీ గూడెంలో ఎంతమందికి ఆ పరీక్ష జరిగింది? ఎంతమంది చేతిలో కార్డు ఉంది? పెళ్లికి ముందు ఎంతమంది చూసుకుంటున్నారు? రక్తకణం నిజంగా వంగుతుంటే దాన్ని వదిలేసి, వంగని కణం కోసం టవర్ మీద రాళ్లు వేస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక్క గీతే ఉన్నప్పుడు ఎక్కువసేపు మాట్లాడకండి. మెసేజ్ పెట్టండి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోనును ఒంటికి దూరంగా పట్టుకోండి. చెవి నుంచి జానెడు దూరం జరిపినా సెగ ఎన్నో రెట్లు తగ్గుతుంది. చిన్నపిల్లల చేతిలో ఫోను పెట్టి వాళ్లను ఊరడించకండి. రాత్రి నిద్ర చెడగొట్టేది తరంగం కాదు, మీరు ఆపకుండా చూస్తున్న తెర. బంగారు బిళ్ల కొనకండి. వీడియో వస్తే ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, రెండో వాక్యం ఎక్కడ దాచారు అని అడిగాకే ముందుకు పంపండి. 2021లో దేశంలో ఇంకా 5జీయే లేనప్పుడు 5జీ వల్లే కరోనా వచ్చిందని మనమే పంపుకున్నాం. ఆ సిగ్గు చాలు.

మాస్టార్లూ, టీచరమ్మలూ! భౌతిక శాస్త్రం పుస్తకంలో తరంగాల పాఠం ఉంది. జీవశాస్త్రంలో కణం పాఠం ఉంది. ఆ రెండు పాఠాల మధ్య ఉన్న కాలిబాటలోనే మన గూడెం భయమంతా దాక్కుని ఉంది. ఒక్కరోజు ఆ బాటలో పిల్లల్ని నడిపించండి. వాళ్లు ఇంటికెళ్లి వాళ్ల తాతకు చెబుతారు. తాత గ్రామసభలో అడుగుతాడు. మనకు కావాల్సింది అదే.

తీర్థం నుంచి తిరిగొస్తూ పట్టిసీమ ఎత్తిపోతల దగ్గర కాసేపు ఆగాం. 24 పంపులు అక్కడ గోదావరిని ఎత్తి కాలువలో పోస్తాయి. ఆ నీరు కృష్ణ దాకా పోయి అక్కడి చేలు తడుపుతుంది. నీళ్లను కొండ దిగువ నుంచి జిల్లాలు దాటించడానికి యంత్రాలు దొరికాయి, కరెంటు దొరికింది, వందల కోట్లు దొరికాయి. కొండ మీది గూడేనికి ఒక మాట ఎక్కించడానికే ఇన్నేళ్లు పడుతోంది. ఆ మాట ఎక్కేటప్పుడు దాని వెంట భయం ఎక్కనివ్వకండి. అంకె ఎక్కించండి. అడిగే నోరు మనది. జవాబు చెప్పాల్సింది వాళ్లు.